చర్చ వేరు, వాదన వేరు

గంగారం: చర్చ, వాదోపవాదం, వాదన అనే మాటలను జనం ఒకదానికి బదులు మరొకటి వాడేస్తుంటారు. మూడూ నోటితో జరిగేవే అయినా దేని ప్రయోజనం దానిదే. ఒకటి చేయవలసిన చోట మరొకటి చేస్తే నష్టపోయేది నిరుపేదే. గంగారం వంటి ఏజెన్సీ మండలాల్లోని భూముల వ్యవహారమే ఇందుకు తార్కాణం.

ఈ తేడాను మన పూర్వులు ఏనాడో గుర్తించారు. గౌతముని న్యాయసూత్రాల ప్రకారం నిజం తేల్చుకునేందుకు చేసేది వాదం. గెలుపు కోసం చేసేది జల్పం. తన పక్షమంటూ ఏదీ నిలబెట్టకుండా ఎదుటివాని మాటను ఖండించడమే పనిగా పెట్టుకున్నది వితండ. నేడు చర్చ అంటున్నది ఆనాటి వాదానికే దగ్గర.

బడిలో, కోర్టులో

పాఠశాలలో వాదోపవాద పోటీ పెడితే విద్యార్థికి అనుకూలమో, ప్రతికూలమో ఒక పక్షం కేటాయిస్తారు. సొంత అభిప్రాయంతో నిమిత్తం లేదు. పోటీ ముగిశాక ఎవరి భూమీ పోదు.

కోర్టు వాదనలో భూమే పోవచ్చు. అక్కడ రుజువే ప్రధానం. ఏజెన్సీలో గిరిజనేతరుని చేతిలో ఉన్న భూమి గిరిజనుని నుంచి వచ్చిందేనని 1/70 చట్టం భావిస్తుంది. కాదని రుజువు చేసుకోవలసిన భారం గిరిజనేతరునిదే.

గ్రామసభలో

పోడు భూమి సంగతి వేరు. 2006 అటవీ హక్కుల చట్టం కింద హక్కు కోరే దరఖాస్తు మొదట గ్రామసభ ముందుకు రావాలి. 2012 సవరణ ప్రకారం సభ్యుల్లో కనీసం సగం మంది హాజరు కావాలి. వచ్చినవారిలో మూడో వంతు మహిళలుండాలి. దరఖాస్తుకు ఒకటికి మించిన ఆధారాలు కావాలి. దరఖాస్తుదారు కాని పెద్దలు చెప్పిన మాటను కాగితం మీద పెడితే అదీ ఒక ఆధారమే.

కనుక ఇక్కడ కావలసింది చర్చ. ఫలానా చెలక ఎవరు, ఎప్పటినుంచి దున్నుతున్నారో పొరుగు రైతుకు, ఊరి పెద్దకు తెలుసు. వారు నెమ్మదిగా చెబితే నిజం తేలుతుంది. సభ కేకలతో చెదిరితే తీర్మానం ఉండదు. తీర్మానం లేనిదే కాగితం పైకి కదలదు.

తీర్మానం నచ్చనివారు 60 రోజుల్లో సబ్ డివిజన్ స్థాయి కమిటీకి అర్జీ పెట్టుకోవచ్చు. వాదనకు అక్కడ చోటుంది. ముందు చర్చ, అప్పటికీ తేలకపోతే వాదన. వితండకు మాత్రం ఎక్కడా తావుండరాదు.