ఓర్వకల్లుకు జపాన్ వస్తోంది, షరతులు మన చేతిలో ఉన్నాయా?

కర్నూలు నుంచి నంద్యాల రోడ్డులో ఇరవై కిలోమీటర్లు దాటితే ఓర్వకల్లు రాళ్లు మొదలవుతాయి. గాలీ వానా చెక్కిన ఆ బండలనూ వాటి నడుమ చెరువునూ చూడటానికి జనం రాక్‌గార్డెన్‌కు వస్తుంటారు. చుట్టూ వాన మీద ఆధారపడ్డ మెట్ట చేలు. ఈ నేల మీదే 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం 2,621 ఎకరాల పారిశ్రామిక నగరానికి ఆమోదం తెలిపింది. 2025 జనవరిలో ఇండిచిప్ సెమీకండక్టర్స్ అనే సంస్థ, జపాన్‌కు చెందిన యిటోవా మైక్రో టెక్నాలజీ భాగస్వామిగా, ఇక్కడ రూ.14,000 కోట్లకు పైగా పెట్టుబడితో సిలికాన్ కార్బైడ్ చిప్‌ల కర్మాగారం పెడతామని రాష్ట్ర ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుంది.

జపాన్‌తో తెలుగు నేలకు సరుకుల సంబంధం పాతదే. పదిహేడో శతాబ్దంలో డచ్చివాళ్లు మచిలీపట్నంలో కోఠీ పెట్టుకుని కోరమాండల్ తీరపు అద్దకం బట్టలు కొన్నారు. అలాంటి బట్టలు వాళ్ల ఓడల్లో నాగసాకి దాకా వెళ్లాయి. తిరిగొచ్చే ఓడల్లో జపాన్ రాగి ఈ తీరానికి దిగింది, ఇక్కడి టంకశాలల్లో నాణేలైంది.

అప్పటి జపాన్‌లో చక్రవర్తి క్యోటోలో ఉన్నా అధికారమంతా ఎదో నగరం (నేటి టోక్యో)లో ఉండే సైనిక పాలకుడు తోకుగావా షోగన్‌ది. 1603 నుంచి 1867 దాకా ఆ వంశమే ఏలింది. విదేశీ వ్యాపారంతో దక్షిణాది ప్రభువులు బలపడతారని, క్రైస్తవం వెంట పరాయి పెత్తనం వస్తుందని వాళ్లు భయపడ్డారు. 1639లో పోర్చుగీసులను వెళ్లగొట్టి, 1641లో డచ్చివాళ్లను నాగసాకి రేవులోని దెజిమా దీవికి పరిమితం చేశారు. ఆ దీవి విస్తీర్ణం నాలుగెకరాలకు లోపే. చీనా వర్తకులు కూడా నాగసాకికి వచ్చేవారు. కొరియా, ర్యూక్యూ దీవులు, ఉత్తరాది ఐనూ ప్రజలతో వ్యాపారం వేరే దారుల్లో సాగింది. అన్ని చోట్లా కాపలా మాత్రం షోగన్‌దో, ఆయన కింది ప్రభువులదో.

ఆ పాలనను మెచ్చుకోవడానికి నాకు మనసొప్పదు. వేలమంది క్రైస్తవులను చంపించింది. దేశం దాటి వెళ్లిన సొంత ప్రజలు తిరిగొస్తే మరణశిక్ష అంది. కానీ బేరం చేసే తీరులో నేర్చుకోవలసింది ఉంది. డచ్చివాళ్లు ఏటా ప్రపంచ వార్తలు రాసి ఇవ్వాలి. 1715లో, ఏడాదికి రెండే డచ్చి ఓడలు రావాలని, తీసుకుపోయే రాగికీ హద్దు ఉండాలని కట్టడి చేశారు. 1720లో షోగన్ యొషిమునె, మతంతో సంబంధం లేని పాశ్చాత్య విజ్ఞానం లోపలికి రావడానికి పుస్తకాల నిషేధం సడలించాడు. సరుకుకు హద్దు పెట్టి చదువుకు దారి తెరవడం ముందుచూపు. 1853లో అమెరికా యుద్ధనౌకలు వచ్చాక ఆ పట్టు పోయింది. 1858 ఒప్పందాలతో సొంత దిగుమతి సుంకం తామే నిర్ణయించుకునే హక్కు జారిపోయింది. అది పూర్తిగా చేతికి రావడానికి 1911 దాకా పట్టింది.

మన సీమకు ఆ బేరమాడే వీలు కూడా దక్కలేదు. 1800లో నిజాం ఈ జిల్లాలను ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేశాడు. ఆయుధాలు పోగేశాడని 1839లో కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్‌ను కంపెనీవాళ్లు పదవి నుంచి దించి ఆయన రాజ్యాన్ని కలిపేసుకున్నారు. కంపెనీ మీద తిరగబడి 1847లో ఉరికంబమెక్కిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరే నేడు ఓర్వకల్లు విమానాశ్రయానికి ఉంది.

బయటి సొమ్మును తమ షరతులతో వాడుకోవడం ఈ మండలానికి తెలియనిది కాదు. 1990లలో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం తోడుతో ఇక్కడి ఆడవాళ్లు పొదుపు సంఘాలు కట్టారు. ఎవరికి ఎంత అప్పివ్వాలో, ఎప్పుడు తిరిగి కట్టాలో వాళ్లే కూర్చుని తేల్చుకున్నారు. దూరదూరం నుంచి జనం వచ్చి చూసి నేర్చుకున్న పని అది.

చిప్‌ల తయారీకి అతి శుద్ధమైన నీళ్లు విపరీతంగా కావాలి. తాగునీటికే కటకటలాడే సీమ ఇది. కాబట్టి కర్మాగారానికి ఎంత నీరు, ఎక్కడి నుంచి, వాడిన నీళ్లు ఎటు పోతాయి, మండలం పిల్లల్లో ఎందరికి ఏ శిక్షణ ఇచ్చి ఏ ఉద్యోగం ఇస్తారు అన్నవి ఒప్పందంలోనే రాయించాలి. ఆ కాగితాన్ని తెలుగులో అచ్చువేసి ఓర్వకల్లు గ్రామసభలో, పొదుపు సంఘాల ఆడవాళ్ల ముందు చదివి వినిపించాలని రాష్ట్ర ప్రభుత్వాన్ని కోరుతున్నాను.