బీరువాలో సీసా: తాగుదామా, దాచుదామా?

మన ఇళ్ళలో బీరువా తలుపు తీస్తే పట్టుచీరల వెనకాల, పాస్‌పోర్టుల సంచీ పక్కన, పెట్టెతో సహా ఒక విస్కీ సీసా కనపడటం వింతేమీ కాదు. ప్రమోషన్ వచ్చినప్పుడు ఎవరో ఇచ్చారు, లేదా ఎయిర్‌పోర్టులో మోజుపడి మనమే కొన్నాం. "మంచి రోజు చూసి తెరుద్దాంలే" అనుకొన్నాం. ఆ మంచి రోజు ఏ పంచాంగంలోనూ దొరకలేదు.

పండుగ సంచికలో ఈ ప్రస్తావన ఏమిటని పెద్దలు నొసలు చిట్లించవచ్చు. తాగమని నేను చెప్పడం లేదు. వృత్తిరీత్యా డాక్టర్ని, మద్యం ఎంత తక్కువైనా ఆరోగ్యానికి నిరపాయం అనలేమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పిన మాట నాకూ తెలుసు. నా ప్రశ్న వేరు. ఇంట్లో ఒకే ఒక్క అరుదైన సీసా ఉంటే దాన్నేం చెయ్యాలి?

ముందు ఒక అపోహ తొలగించుకోవాలి. ఆవకాయ జాడీలో ఊరుతుంది. విస్కీ సీసాలో ఊరదు. అది ఊరేది ఓక్ చెక్క పీపాలో. స్కాచ్ అనిపించుకోవాలంటే కనీసం మూడేళ్ళు స్కాట్లండులోనే పీపాలో ఉండాలని చట్టం. చెక్కలోంచి రంగూ రుచీ దిగుతాయి, ఏటా సుమారు రెండు శాతం ఆవిరైపోతుంది. దాన్ని వాళ్ళు ముద్దుగా 'దేవదూతల వాటా' అంటారు. బెంగుళూరులో అమృత్ కంపెనీ తయారుచేసే విస్కీకి ఆ వాటా ఏటా పది శాతం దాటుతుంది. మన ఎండకి దేవదూతలకి కూడా దాహం ఎక్కువే కాబోలు!

సీసాలోకి దిగిన రోజుతో ఈ వ్యవహారమంతా ఆగిపోతుంది. 1926లో బట్టీపట్టిన మెకాలన్ విస్కీ అరవై ఏళ్ళు పీపాలో ఉండి, 1986లో 40 సీసాల్లోకి దిగింది. వాటిలో ఒకటి 2023 నవంబరులో లండన్ సోదబీస్ వేలంలో 21 లక్షల పౌండ్లకు పైగా పలికింది. ఆ రోజుకీ లోపలున్న విస్కీ వయసు అరవయ్యే. మీరు పదేళ్ళు దాచిన పన్నెండేళ్ళ విస్కీ ఇరవై రెండేళ్ళది కాదు. పదేళ్ళు పెరిగింది మీరే.

ఇంకో సంగతి. దాచిన ప్రతి సీసా అపురూపం కాదు. మనవాళ్ళు ప్రాణప్రదంగా చూసుకొనే బ్లూ లేబుల్ 1992 నుంచి వస్తూనే ఉంది, రేపు కూడా షాపులో దొరుకుతుంది. దాన్ని దాచడంలో అర్థం నాకు కనపడదు. మూతపడిన డిస్టిలరీల సరుకు సంగతి వేరు. స్కాట్లండులో ఐలా అనే దీవి ఉంది. అక్కడి పోర్ట్ ఎలెన్ డిస్టిలరీని 1983లో మూసేశారు. అంతకుముందు పీపాల్లో నిలవున్నదే తర్వాత కొంచెం కొంచెంగా సీసాల్లోకి దించి అమ్మారు. 2024లో మళ్ళీ తెరిచారు గాని, పాత సరుకు పాతదే.

అలాంటి సీసా ఒకటి మేం నలుగురు మిత్రులం 2009లో తలా కొంత వేసుకొని కొన్నాం. ఒప్పందం ఒక్కటే: నలుగురికీ గ్రీన్‌కార్డులు వచ్చిన రోజున తెరవాలి. నాకూ, ఇంకొకాయనకీ తొందరగానే వచ్చాయి. మూడో ఆయనకి 2017లో వచ్చింది. నాలుగో ఆయన క్యూలోనే ఉండగా 2019లో గుండెపోటుతో పోయాడు. ఆయన వీసా మీదే ఇక్కడున్న ఆయన భార్య హోదా కూడా దాంతోనే పోయింది. పిల్లవాణ్ణి తీసుకొని గుంటూరు వెళ్ళిపోయింది.

సీసా మా కెమికల్ ఇంజనీరు మిత్రుడి ఇంట్లో ఉండిపోయింది. ఎండ తగలని చోట, నిలబెట్టి ఉంచాడు. (వైన్‌లాగా పడుకోబెట్టకూడదు, ఘాటైన ఆల్కహాలు కార్కుని తినేస్తుంది.) మూత చుట్టూ లాబ్‌లో వాడే పారాఫిల్మ్ కూడా చుట్టాడు, ఆవిరి కాకుండా.

"అమ్మేద్దాం బావగారూ, ఆయన వాటా వాళ్ళకి పంపుదాం" అన్నాడొకసారి. సబబైన మాటే. కాని అమ్మడం అనుకొన్నంత తేలిక కాదు. ఈ దేశంలో చాలా రాష్ట్రాల్లో లైసెన్సు లేకుండా మద్యం అమ్మరాదు. వేలం సంస్థల ద్వారా వెళ్ళాలి. వాళ్ళ కమీషన్ పోగా, లాభం మీద పన్ను మామూలు షేర్లలా కాదు, కలెక్టిబుల్స్ లెక్కన 28 శాతం దాకా పడవచ్చు. పైగా వేలం ధరలు 2022 తర్వాత తగ్గుముఖం పట్టాయి.

నకిలీల భయం ఉండనే ఉంది. 2017లో స్విట్జర్లండు హోటల్లో ఒక చైనా రచయిత 1878 నాటి మెకాలన్ అని నమ్మి ఒక్క పెగ్గుకి సుమారు పదివేల ఫ్రాంకులు ఇచ్చాడు. ఆక్స్‌ఫర్డులో కార్బన్ పరీక్ష చేస్తే అది 1970ల తొలినాళ్ళ సరుకని తేలింది. అణుపరీక్షల వల్ల 1950ల తర్వాత గాలిలో కార్బన్-14 పెరిగింది. ఆ గాలి పీల్చి పెరిగిన బార్లీ దాని గుట్టు దాచుకోలేదు. మరుసటి ఏడు స్కాట్లండు లాబ్‌లో 55 అరుదైన సీసాలు పరీక్షిస్తే 21 నకిలీవి. మాది షాపులో కొన్నదే, రసీదు కూడా ఉంది. అయినా ఆ చర్చ మాలో ఎవరికీ రుచించలేదు.

చివరికి గుంటూరు ఫోన్ చేశాం. ఆమె కాసేపు మాట్లాడలేదు. "అన్నయ్యగారూ, ఆయన ఆ సీసా సంగతి ఎన్నిసార్లు చెప్పేవారో! ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్ళు కొనుక్కొని అద్దాల బీరువాలో పెట్టుకొంటే ఏం లాభం? మీరే తెరవండి" అంది.

తెరిచాం, కాని ఊరికే కాదు. ఇటీవలి వేలం ధరల్లో పెద్దదే తీసుకొని, కమీషనూ పన్నూ తగ్గించకుండా, అందులో పావు వంతు పిల్లవాడి చదువుకి పంపాం. ఆమె వద్దంది. వాటా వాటానే కదమ్మా అన్నాం.

థాంక్స్‌గివింగ్ సెలవుల్లో ఆయన తమ్ముడు డాలస్ నుంచి వచ్చాడు. పాత కార్కు సగంలో విరిగింది. కాఫీ ఫిల్టర్లో వడగట్టాల్సి వచ్చింది. పొగ వాసన, దాని వెనక పాత ఆస్పత్రి వార్డులో అయొడిన్ వాసన. నాకు గుంటూరు జనరల్ ఆస్పత్రిలో హౌస్‌సర్జన్సీ గుర్తొచ్చింది. లివరు కారణంగా మానేసిన మిత్రుడు గ్లాసు వాసన చూసి, మజ్జిగ పోసుకొన్నాడు. తమ్ముడు ఒక గుక్క తాగి, "ఇదా, మా అన్నయ్య ఇన్నేళ్ళు కాచుకొని కూర్చొంది?" అన్నాడు. అందరం నవ్వాం.

సగం పైన మిగిలింది. సగం ఖాళీ అయిన సీసాలో గాలి చేరి కొన్ని నెలల్లో రుచి చప్పబడుతుంది. అందుకని మిగిలింది ఒక చిన్న సీసాలోకి నిండుగా మార్చి, తెల్ల టేపు మీద తారీఖు రాసి అంటించాం. పిల్లవాడికి ఇప్పుడు పదమూడేళ్ళు. అది వాడిదా, మాదా అన్నది ఇంకా తేలలేదు.