నగలు ఆమెవి, వాటా ఎవరిది?

కోయంబత్తూరు, మధురై తెలుగిళ్ళలో వ్యాపారానికి తొలి డబ్బు చాలాసార్లు ఆడవాళ్ళ పెట్టెలోంచే వచ్చింది. ఆ డబ్బు వాళ్ళ పేరుతోనే కంపెనీ పుస్తకాల్లోకి ఎక్కాలంటే ఏం నేర్చుకోవాలి?

డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి 1976లో ప్రభుత్వోద్యోగం నుంచి రిటైరయ్యారు. వయసు 58. కీళ్ళవాతంతో వేళ్ళు ఎప్పుడో వంకర తిరిగిపోయాయి. ఆ చేతులతోనే వేలాది కంటి ఆపరేషన్లు చేసిన మనిషి, మధురైలో సొంతంగా కంటి ఆసుపత్రి పెడతానన్నారు. పదకొండు పడకలతో మొదలు. ఎట్టయాపురం దగ్గర వడమలాపురం అనే పల్లెలోని తెలుగు రైతు కుటుంబం వాళ్ళది. పెద్ద ఆస్తిపాస్తులు లేవు. ఇల్లు తాకట్టుకు వెళ్ళింది, ఇంటి ఆడవాళ్ళ నగలు కుదువకు వెళ్ళాయి. చెల్లెలు డాక్టర్ నాచ్చియార్, ఆమె భర్త డాక్టర్ నంపెరుమాళ్‌సామి ఆయనతో పాటు ఆపరేషన్ బల్ల దగ్గర నిలబడ్డారు.

అదే అరవింద్ కంటి ఆసుపత్రి. 1993లో హార్వర్డ్ బిజినెస్ స్కూల్ దానిమీద కేస్ స్టడీ రాసింది. 1992లో మధురైలోనే మొదలైన ఆరోల్యాబ్, వంద డాలర్లకు పైబడిన కంటి లెన్సును పది డాలర్లకు దింపింది. 2024లో నాచ్చియార్‌కు పద్మశ్రీ వచ్చింది. మేనేజ్‌మెంట్ తరగతుల్లో ఈ కథను సేవ గురించి, తక్కువ ఖర్చులో ఎక్కువ ఆపరేషన్లు చేయడం గురించి చెబుతారు. తొలి పెట్టుబడి సంగతి ఒక్క వాక్యంలో దాటిపోతుంది.

ఆ వాక్యం దగ్గరే కాసేపు ఆగుదాం. ఆసుపత్రి నిలుస్తుందో లేదో ఎవరికీ తెలియని రోజున, లెక్కలు చూపించడానికి ఏమీ లేని రోజున, తమకున్నది తెచ్చి పెట్టడాన్నే ఇవాళ ఎర్లీ స్టేజ్ ఇన్వెస్టింగ్ అంటున్నారు. దానికి నెట్‌వర్కులున్నాయి, ఫండ్లున్నాయి, శిక్షణ తరగతులున్నాయి. మధురైలో ఆ పని నగలతో జరిగింది.

ఒక తేడా మాత్రం దాచకూడదు. అరవింద్ ఒక ట్రస్టు. లాభం పంచుకునే వాటాదార్లు అక్కడ లేరు. నగలిచ్చినవాళ్ళు వాటా అడగలేదు, అడగాలనుకోలేదు కూడా. సేవకు పెట్టినప్పుడు అది పెద్ద మనసు. చిక్కు ఎక్కడంటే, అదే మర్యాదను లాభం కోసం నడిచే మిల్లుకూ, పంపుసెట్ల ఫౌండ్రీకీ, అల్లుడుగారి సాఫ్ట్‌వేర్ కంపెనీకీ కూడా పాటించడం. అక్కడ నగ ఇచ్చిన చేతికి నగ తిరిగి వస్తే అదృష్టం. వాటా మాట ఎవరూ ఎత్తరు.

ఈ ఊళ్ళ తెలుగువాళ్ళకు పెట్టుబడి కొత్త కాదు. విజయనగరం కాలంలో దక్షిణానికి నడిచివచ్చిన కుటుంబాల వారసులు వీళ్ళు. ఇంట్లో తెలుగు, బళ్ళో తమిళం. చాలామందికి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. మధురైని పదిహేడో శతాబ్దం చివర్లో ఏలిన రాణి మంగమ్మ బాటలు వేయించింది, సత్రాలు కట్టించింది. రైల్వే స్టేషను ఎదుట ఆమె పేరుతో సత్రం ఇప్పటికీ ఉంది. కోయంబత్తూరులో జి. కుప్పుస్వామి నాయుడు 1910లో లక్ష్మీ మిల్సు పెట్టారు. 1930ల మొదట్లో పైకారా జలవిద్యుత్తు వచ్చాక మిల్లులు వరసకట్టాయి. జి.డి. నాయుడు 1920లో ఒకే ఒక్క బస్సుతో పొల్లాచి, పళని మధ్య మొదలుపెట్టారు. ఆ బస్సు కొనడానికి ఇంగ్లీషు వ్యాపారి రాబర్ట్ స్టేన్స్ సాయం చేశాడు. మగవాడి పేరు మీద, తెలివి మీద నమ్మి డబ్బిచ్చే మనిషి ఊళ్ళో ఒకడైనా ఉండేవాడన్నమాట.

ఆడవాళ్ళ లెక్క వేరు. పీలమేడు సామనాయుడు గోవిందస్వామి నాయుడి నలుగురు కొడుకులు 1926లో ఆస్తిని ఐదు భాగాలు చేసి, ఐదో భాగాన్ని ధర్మానికి ఇచ్చారు. పి.ఎస్.జి. విద్యాసంస్థలు అలా పుట్టాయి. దానధర్మాల చరిత్రలో ఇంతకన్నా గొప్ప భాగపంపిణీ నాకు తెలియదు. ఐతే ఆనాటి చట్టం ప్రకారం ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లలకు భాగమే లేదు. ధర్మానికి ఐదో వాటా దొరికిన కాలంలో కూతురికి దక్కేది పెళ్ళినాటి బంగారం. ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకు పుట్టుకతో హక్కు ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు నుంచి, తమిళనాడులో 1989 మార్చి నుంచి, దేశమంతటా 2005 నుంచి వచ్చింది. అంటే ఇవాళ అరవై ఏళ్ళున్న కోయంబత్తూరు పీలమేడు ఇల్లాలికి పుట్టింటి నుంచి వచ్చింది చాలావరకు బంగారమే. ఆమె కూతురికైతే షేర్లు కూడా రావచ్చు. పెట్టుబడి నేర్చుకోవలసిన అవసరం ఈ తరంలో ఎందుకు పుట్టిందో ఈ తేదీలే చెబుతాయి.

తమిళనాడు ప్రభుత్వం స్టార్టప్ టీఎన్ అనే తన సంస్థ ద్వారా తాన్‌సీడ్ అనే పథకం నడుపుతోంది. కొత్త కంపెనీకి 10 లక్షల రూపాయలు, ఆడవాళ్ళు నడిపే కంపెనీకైతే 15 లక్షలు ఇస్తారు. దాన్ని గ్రాంటు అంటారు. అయినా ప్రభుత్వం ఊరికే ఇవ్వదు, కంపెనీలో 3 శాతం వాటా రాయించుకుంటుంది. సర్కారే కాగితం రాయించుకున్నాక, అత్తగారు రాయించుకుంటే తప్పేమిటి?

నేర్చుకోవడానికి చోట్లు కూడా ఉన్నాయి. మధురైలో పుట్టిన నేటివ్‌లీడ్ సంస్థ, చిన్న ఊళ్ళ డబ్బును చిన్న ఊళ్ళ కంపెనీలకు చేర్చాలని నేటివ్ ఏంజెల్స్ నెట్‌వర్క్ కట్టింది. దాన్ని నడిపిన శివరాజా రామనాథనే తర్వాత స్టార్టప్ టీఎన్‌కు సారథి అయ్యారు. కోయంబత్తూరులో కొత్త కంపెనీలకు చేయూతనిచ్చే ఇంక్యుబేటర్లున్నాయి: పి.ఎస్.జి. స్టెప్ 1998 నుంచి ఉంది, కుమరగురు కాలేజీ ఆవరణలో ఫోర్జ్ ఉంది. హైదరాబాదులో 2018 మార్చి 8న మొదలైన వీ హబ్, ఆడవాళ్ళ కంపెనీల కోసమే ఒక రాష్ట్ర ప్రభుత్వం పెట్టిన తొలి ఇంక్యుబేటరు. వీటిలో ఎక్కువ భాగం కంపెనీ పెట్టేవాళ్ళకు నేర్పుతాయి. డబ్బు పెట్టేవాళ్ళకు నేర్పేది తక్కువ.

ఇక పాఠం. మొదటి సంగతి చేదుగానే ఉంటుంది: పెట్టిన డబ్బులో చాలా భాగం పోతుంది. అమెరికాలో పరిశోధకులు రాబర్ట్ విల్ట్‌బ్యాంక్, వారెన్ బోకర్ 2007లో 539 మంది ఏంజెల్ ఇన్వెస్టర్ల, అంటే కొత్త కంపెనీల్లో సొంత డబ్బు పెట్టేవాళ్ళ లెక్కలు తీశారు. వాళ్ళు బయటికి వచ్చిన 1,137 పెట్టుబడుల్లో 52 శాతం నష్టమే. పది రెట్లకు మించి తెచ్చినవి 7 శాతం. లాభంలో మూడొంతులు ఆ ఏడు శాతం నుంచే వచ్చింది. మొత్తం మీద సగటున మూడున్నరేళ్ళలో 2.6 రెట్లు. ఒకే కంపెనీలో ఉన్నదంతా పెట్టినావిడకు ఈ సగటు ఏ రకంగానూ పనికిరాదు. పది, పదిహేను కంపెనీల్లో కొంచెం కొంచెం పెట్టగలిగినవాళ్ళకే అది వర్తిస్తుంది. కుదువ పెట్టిన నగల డబ్బు, పిల్ల పెళ్ళికి దాచిన డబ్బు ఇక్కడికి రాకూడదు.

అదే లెక్కల్లో ఇంకో అంకె ఉంది. ఒక్కో కంపెనీ గురించి ఇరవై గంటలకు మించి ఆరా తీసినవాళ్ళకు 5.9 రెట్లు వచ్చింది, అంతకు తక్కువ తీసినవాళ్ళకు 1.1 రెట్లు. కూపీ లాగడంలో మన ఇల్లాళ్ళకు ఎవరూ పాఠాలు చెప్పక్కర్లేదు. సంబంధం చూసేటప్పుడు మూడు తరాల చరిత్ర తవ్వి తీసే ఓపికను ఒక కంపెనీ కొనుగోలుదార్ల మీద, సరకిచ్చేవాళ్ళ మీద, జీతం బకాయిల మీద పెడితే చాలు. కోయంబత్తూరు మరీ సౌకర్యం. పంపుసెట్టు కంపెనీకి పోతపని చేసి పెట్టే ఫౌండ్రీ యజమాని ఏ పెళ్ళిలోనో పక్క కుర్చీలోనే ఉంటాడు.

ఏలం చీటీ వేసిన అనుభవం కూడా కొంతవరకు పనికొస్తుంది. ఎవరు ఎంత తోసి పాడుతున్నారో చూసి వాళ్ళ అవసరం పసిగట్టడం, చీటీ నడిపేవాడి పరపతి తూచడం అందులో అలవాటైన విద్యలే. ఐతే చీటీకి ఆఖరి నెల ఉంటుంది. స్టార్టప్‌కు ఉండదు. ఏడెనిమిదేళ్ళు ఒక్క రూపాయి రాకపోవచ్చు, మధ్యలో అమ్ముకుందామంటే కొనేవాడు దొరక్కపోవచ్చు.

తర్వాతది వాటా పలచబడటం. కంపెనీకి మీ డబ్బు కూడా కలుపుకుని 2 కోట్లు విలువ కట్టినప్పుడు 5 లక్షలు పెడితే మీ వాటా రెండున్నర శాతం. మరుసటి విడత కొత్తవాళ్ళకు ఐదో వంతు ఇస్తే మీది 2 శాతానికి దిగుతుంది. మీ 5 లక్షలు 50 లక్షలు కావాలంటే కంపెనీ 25 కోట్లకు అమ్ముడుపోవాలి. పిండివంటల కంపెనీ అయినా, మందుల కంపెనీ అయినా పెట్టేముందు వేయవలసిన లెక్క ఇదే. ఈ వ్యాపారం ఎప్పటికైనా 25 కోట్లు చేసేదేనా? కాదనిపిస్తే అది మంచి వ్యాపారం కావచ్చు గానీ మీ పెట్టుబడికి తగినది కాదు.

కాగితాల విషయంలో చట్టం ఆడవాళ్ళ పక్షానే ఉంది, వాడుకుంటే. ప్రైవేట్ కంపెనీ కొత్త షేర్లు ఇచ్చేటప్పుడు నగదు తీసుకోకూడదు. షేర్లు ఎవరి పేరున ఇస్తారో వాళ్ళ బ్యాంకు ఖాతా నుంచే డబ్బు రావాలి. డబ్బు అందిన 60 రోజుల్లో షేర్లు కేటాయించాలి, లేదంటే తిరిగి ఇచ్చేయాలి. కేటాయించిన 15 రోజుల్లో ఆ సంగతి కంపెనీల రిజిస్ట్రారుకు తెలపాలి. అది తెలిపేదాకా ఆ డబ్బు ముట్టుకోకూడదు. భర్త బహుమతిగా ఇచ్చిన డబ్బుతో కొంటే వచ్చే ఆదాయం ఆయన పన్ను లెక్కలో కలుస్తుంది. పుట్టింటి నుంచి వచ్చిన సొమ్ముకు ఆ తిప్పలు లేవు. స్టార్టప్‌లను, వాటికి డబ్బిచ్చేవాళ్ళను పన్నెండేళ్ళపాటు సతాయించిన, షేర్లకు వచ్చిన అదనపు ధర మీద వేసే ఏంజెల్ టాక్సును 2024 బడ్జెట్‌లో ఎత్తేశారు.

ఫండ్ల దారి మాత్రం ఇరుకైంది. ఏంజెల్ ఫండ్లు ఇకపై అక్రెడిటెడ్ ఇన్వెస్టర్ల నుంచే డబ్బు తీసుకోవాలని 2025లో స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ నిర్ణయించింది. అలా గుర్తింపు పొందే దారుల్లో ఒకటి ఏటా 2 కోట్ల ఆదాయం. మరొకటి ఏడున్నర కోట్ల ఆస్తి, అందులో కనీసం సగం షేర్లు, డిపాజిట్లలాంటి ఆర్థిక ఆస్తులు. కోయంబత్తూరు సింగానల్లూరులో స్థలాలు, లాకర్లో బంగారం ఎంతున్నా ఆ సగంలోకి రావు. తెలియనివాళ్ళు మునగకూడదన్న ఉద్దేశం మంచిదే. కానీ ఆడవాళ్ళ ఆస్తి ఏ రూపంలో ఉందో ఆ రూపాన్నే ఈ కొలత లెక్కలోకి తీసుకోదు. ఫండ్ ద్వారా కాకుండా నేరుగా కంపెనీ షేర్లు కొనేవాళ్ళకు ఈ షరతు లేదు. రక్షణా అంతే తక్కువ.

ఆడవాళ్ళు డబ్బు పెడితే ఆడవాళ్ళ కంపెనీలకు దానంతట అదే మేలు జరుగుతుందని ఒక నమ్మకం ఉంది. నేనైతే ఒప్పుకోను. పరిశోధకురాలు డానా కాన్జే బృందం న్యూయార్క్‌లో ఒక స్టార్టప్ పోటీలో ఇన్వెస్టర్లు అడిగిన ప్రశ్నలను విడదీసి చూసింది. మగవాళ్ళను ఎక్కువగా ఎంత పెరుగుతావని, ఆడవాళ్ళను ఎక్కువగా ఎలా నష్టపోకుండా ఉంటావని అడిగారు. పెరుగుదల ప్రశ్నలు ఎదురైనవాళ్ళకే ఎక్కువ డబ్బు వచ్చింది. ఆ ప్రశ్నలు వేసినవాళ్ళలో ఆడ ఇన్వెస్టర్లూ ఉన్నారు, వాళ్ళూ అచ్చం అలాగే అడిగారు. "పెళ్ళయ్యాక ఈ కంపెనీ ఎవరు చూసుకుంటారమ్మా?" అన్న ప్రశ్న మన దగ్గర ఎవరి నోట ఎక్కువగా వస్తుందో నిజాయితీగా ఆలోచించుకోవాలి.

ఇదంతా నగలూ షేర్లూ ఉన్న ఇళ్ళ మాట. కోయంబత్తూరులో తెలుగు మాట్లాడేవాళ్ళంటే మిల్లు యజమానులే కారు. వీధులు ఊడ్చే అరుంధతియార్ కుటుంబాల్లో చాలామంది ఇంటి భాష తెలుగే. వాళ్ళ ఆడవాళ్ళకు దారి పొదుపు సంఘాలది. మధురైలో 1990లో మొదలై ధాన్ ఫౌండేషన్ చేతుల్లో పెరిగిన కలంజియం సంఘాలు, చిన్న మొత్తాలను ఎవరికి, ఎందుకు, ఏ షరతుల మీద ఇవ్వాలో పల్లెటూరి ఆడవాళ్ళే కూర్చుని తేల్చుకునే అలవాటు చేశాయి. పెద్దింటి ఇల్లాలికి ఇంకా పట్టుబడని విద్య అది.

పి.ఎస్.జి.ఆర్. కృష్ణమ్మాళ్ మహిళా కళాశాల కోయంబత్తూరులో 1963 నుంచి ఆడపిల్లలకు చదువు చెబుతోంది. కామర్సు చదివి, ఇంటి కంపెనీ లెక్కలు కళ్ళారా చూస్తూ, ఎక్కడా తమ పేరు లేనివాళ్ళు ఆ ఊళ్ళో తక్కువేమీ ఉండరు. వాళ్ళలో ఓ పదిమంది నెలకోసారి కలవండి. మొదటి ఏడాది ఎవరికీ రూపాయి ఇవ్వకండి. నెలకో కంపెనీని పిలవండి, లెక్కలు అడగండి, వాటాదార్ల పట్టిక చూపించమనండి, పక్కన ఒక ఆడిటరును కూర్చోబెట్టుకోండి. రెండో ఏడు పెట్టేటప్పుడు చెక్కు మాత్రం మీ సొంత ఖాతా నుంచే రాయండి.