రీసైకిల్ చేసిన ప్లాస్టిక్‌లో ఆహారం: భద్రత ఎక్కడ నిర్ణయమవుతుంది?

తెలుగులో ‘పునర్వినియోగం’ అన్న ఒకే మాటతో రెండు వేరు వేరు పనులను పేర్కొంటున్నాము. ఖాళీ అయిన డబ్బాను కడిగి, అదే డబ్బాను మరొక అవసరానికి వాడుకోవడం మొదటిది. ఆ డబ్బాను ముక్కలు చేసి, కడిగి, కరిగించి, వచ్చిన గుళికలతో కొత్త వస్తువును తయారు చేయడం రెండవది. విస్తరణ కరపత్రాలలో సైతం ఈ రెండూ తరచు కలగలిసిపోతున్నవి. ఈ వ్యాసంలో మొదటి దానిని పునర్వినియోగమనీ, రెండవ దానిని రీసైక్లింగ్ అనీ వ్యవహరిస్తాను. సాంకేతికంగా రెండూ వేరైనా, ఆహారం విషయంలో ఎదురయ్యే ప్రశ్న ఒక్కటే: ఈ ప్లాస్టిక్ ఇంతకు ముందు దేనిని తాకింది?

ఆ ప్రశ్న వేయకపోతే జరిగే నష్టం ఎంతటిదో 2013 జూలై 16న బీహార్ రాష్ట్రం సారణ్ జిల్లాలోని ధర్మసతి గండమాన్ గ్రామంలో తెలిసివచ్చింది. పాఠశాలలో మధ్యాహ్న భోజనం తిన్న పిల్లలలో 23 మంది మరణించారు. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ ఉన్నట్లు పరీక్షలలో తేలింది. నూనెను పురుగుమందు డబ్బాలో నిల్వ చేసి ఉండవచ్చునని అధికారులు ఆనాడు చెప్పారు. అది పునర్వినియోగంలోని ప్రమాదానికి తీవ్రమైన ఉదాహరణ. రీసైక్లింగ్‌లో ప్రమాదం ఇంత త్వరగా, ఇంత ప్రత్యక్షంగా బయటపడదు. వేలాది డబ్బాల నడుమ ఒక్క మందు డబ్బా పలుచబడి కలిసిపోతుంది; దాని అవశేషం మైక్రోగ్రాముల స్థాయిలో ఏళ్ళ తరబడి ఆహారంలో చేరవచ్చును. కంటికి కనిపించనిది కనుకనే దానిని లెక్కకట్టి చూడవలసి ఉన్నది.

ప్లాస్టిక్ గోడ గాజు వంటిది కాదు. దానితో సంపర్కంలో ఉన్న ద్రవంలోని చిన్న అణువులు గోడలోనికి మెల్లగా చొచ్చుకుపోతాయి, తిరిగి బయటకు కూడా వస్తాయి. పైపైన కడిగితే ఉపరితలం మాత్రమే శుభ్రమవుతుంది. ఈ చొరబాటు అన్ని ప్లాస్టిక్‌లలో ఒకే విధంగా ఉండదు. ఇసుక నేలలో నీరు ఇంకే వేగానికీ, బంకమట్టిలో ఇంకే వేగానికీ ఎంత తేడా ఉన్నదో, పాలీఇథిలీన్‌కూ పెట్‌కూ మధ్య అంతకంటె ఎక్కువ తేడా ఉన్నది. నీళ్ళ సీసాలకు వాడే పెట్ సుమారు 70 నుంచి 80 డిగ్రీల సెల్సియస్ లోపు గాజులా బిగిసిన స్థితిలో ఉంటుంది; దాని గొలుసుల మధ్య అణువులు కదలడానికి చోటు తక్కువ. కవర్లకు, డబ్బాలకు, బకెట్లకు వాడే పాలీఇథిలీన్, పాలీప్రొపిలీన్ అట్లా కాదు. గది ఉష్ణోగ్రత వద్దనే వీటి గొలుసులు కొంత సడలి ఉంటాయి. నూనెలు, ద్రావకాలు వీటిలోనికి సులభంగా దిగుతాయి. రీసైకిల్ చేసిన ప్లాస్టిక్‌ను ఆహారానికి వాడే ప్రయత్నాలు ప్రపంచమంతటా పెట్‌తోనే ఎక్కువగా ఫలించడానికి ప్రధాన కారణం ఇదే.

ఇక రీసైకిల్ చేసిన ప్లాస్టిక్‌లోకి కలుషితాలు ఏ దారిన వస్తాయి? పాత సామాను దుకాణాలలో ఆహారపు డబ్బాలతో పాటు ఫినాయిల్, యాసిడ్, ఇంజను నూనె, పురుగుమందుల డబ్బాలు కలిసిపోవడం ఒక దారి. మంచినీళ్ళ సీసాలో ఎవరో కిరోసిన్ పోసి వాడి, ఆ తర్వాత పారవేయడం మరొక దారి. జిగుర్లు, ముద్రణ సిరాలు, రంగులు వెంట వచ్చేవి. కరిగించే వేడికి గొలుసులు తెగి కొత్త పదార్థాలు పుట్టడం కూడా ఉన్నది. పెట్‌లో ఒక్క పి.వి.సి. ముక్క కలిసినా అది వేడికి హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని విడుదల చేసి మొత్తం సరుకును పసుపు రంగుకు తిప్పుతుంది. ఇది కంటికి కనిపించే దోషం కనుక తయారీదారులు జాగ్రత్త పడతారు. కనిపించని దోషాల విషయంలో అంత జాగ్రత్త సహజంగా రాదు.

పెట్‌ను శుద్ధి చేసే పద్ధతి స్థూలంగా ఇది. సీసాలను ఏరి, ముక్కలు చేసి, కాస్టిక్ సోడా కలిపిన వేడి నీటితో కడుగుతారు. మూతల ముక్కలు నీటిపై తేలుతాయి, పెట్ ముక్కలు మునుగుతాయి. ఆ తర్వాత శూన్యంలో గాని నత్రజని వాయువులో గాని సుమారు 200 డిగ్రీల వద్ద గంటల తరబడి ఉంచుతారు. ఈ వేడికి గోడలో ఇరుక్కున్న అణువులు బయటకు వస్తాయి, తెగిన గొలుసులు మరల పొడవవుతాయి. ఈ పద్ధతి నిజంగా పనిచేస్తున్నదా అన్నది తేల్చడానికి ఉద్దేశపూర్వకంగా ప్లాస్టిక్‌ను కలుషితం చేసి పరీక్షిస్తారు. క్లోరోఫాం, టొల్యూన్, బెంజోఫినోన్ వంటి పదార్థాలలో ముక్కలను 40 డిగ్రీల వద్ద రెండు వారాలు నానబెట్టి, ఆ తర్వాత శుద్ధి యంత్రంలో పెట్టి, ఎంత మిగిలిందో కొలుస్తారు. ఒక్కొక్క పదార్థం ఒక్కొక్క రకం కలుషితానికి ప్రతినిధి. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ పేర్కొన్న ప్రతినిధి పదార్థాలలో మనకు చిరపరిచితమైన లిండేన్ కూడా ఉండటం గమనార్హం. సీసాలో రైతు పురుగుమందు నిల్వ చేసే అవకాశాన్ని ఆ శాస్త్రవేత్తలు విస్మరించలేదన్నమాట.

మిగిలినది ఎంత ఉంటే ఆమోదించవచ్చును? ఆ సంస్థ లెక్కను విద్యార్థులు ఒకసారి స్వయంగా చేసి చూడాలి. గుర్తు తెలియని కలుషితం రోజువారీ మొత్తం ఆహారంలో 0.5 పి.పి.బి.కి, అంటే కిలోకు అర మైక్రోగ్రాముకు మించకుంటే ఆమోదయోగ్యమని దాని ప్రాతిపదిక. ఆహార పానీయాలు కలిపి రోజుకు 3 కిలోలనుకుంటే ఇది 1.5 మైక్రోగ్రాములు. మనిషి ఆహారంలో 5 శాతమే రీసైకిల్ చేసిన పెట్‌ను తాకుతుందని భావిస్తే, తాకిన ఆహారంలో 10 పి.పి.బి. వరకు ఉండవచ్చును. ఇప్పుడు అర మిల్లీమీటరు మందం గల సీసా గోడలో ఒక చదరపు సెంటీమీటరును తీసుకుందాం. పెట్ సాంద్రత 1.4 కనుక దాని బరువు 0.07 గ్రాములు. దానికి ఎదురుగా ఉండే ఆహారం సుమారు 1.55 గ్రాములని లెక్క. అంత ఆహారంలో 10 పి.పి.బి. అంటే 15.5 నానోగ్రాములు. గోడలోని కలుషితమంతా ఆహారంలోకి దిగిపోయిందనుకున్నా, ఆ 0.07 గ్రాముల ప్లాస్టిక్‌లో 15.5 నానోగ్రాములకు మించి ఉండరాదు. అంటే కిలో ప్లాస్టిక్‌కు సుమారు 220 మైక్రోగ్రాములు.

ఈ లెక్కలో జాగ్రత్త ఉన్నది, ఒక ఊహ కూడా ఉన్నది. కలుషితమంతా దిగిపోతుందనుకోవడం జాగ్రత్త. 5 శాతమన్నది ఊహ. తాగునీరు, నూనె, పచ్చళ్ళు అన్నీ పెట్ సీసాలలోనే కొనుక్కునే ఇంట్లో ఆ వాటా 10 శాతమైతే అనుమతించదగిన పరిమాణం సగానికి తగ్గుతుంది. ఐరోపా ఆహార భద్రతా సంస్థ మరింత కఠినమైన దారి తీసుకున్నది: జన్యుపదార్థాన్ని దెబ్బతీయగల కలుషితమనే అనుమానంతోనే మొదలుపెట్టి, కిలో శరీర బరువుకు రోజుకు 0.0025 మైక్రోగ్రాముల పరిమితిని ఆధారంగా చేసుకుని, పసిపిల్లలను దృష్టిలో ఉంచుకుని లెక్కించింది. పైగా ముడిసరుకులో ఆహారేతర పెట్ 5 శాతానికి మించరాదన్నది. శుద్ధి యంత్రం ఎంత గొప్పదైనా, లోపలికి వెళ్ళే చెత్త చరిత్ర తెలియకపోతే లెక్క నిలవదని ఈ రెండవ షరతు అంగీకరిస్తున్నది. నా దృష్టిలో అన్నింటికంటె ముఖ్యమైన షరతు అదే.

పాలీఇథిలీన్, పాలీప్రొపిలీన్‌ల విషయంలో ఈ ధీమా లేదు. పీల్చుకునేది ఎక్కువ, శుద్ధి వేడిని తట్టుకునే శక్తి తక్కువ. మాంసం, చేపలు కట్టి ఇచ్చే నల్ల కవర్లు, కర్రీ పాయింట్లలో మరిగే సాంబారు పోసి ఇచ్చే పలుచని సంచులు ఎక్కడి ముడిసరుకుతో తయారైనవో అమ్మేవారికి కూడా తెలియదు. నలుపు రంగు అన్ని రంగుల చెత్తనూ దాచివేస్తుంది. పాత ఎలక్ట్రానిక్ వస్తువుల ప్లాస్టిక్ నుంచి బ్రోమిన్ గల మంటనిరోధకాలు నల్లని వంటింటి వస్తువులలోకి చేరినట్లు పరిశోధనలు చూపినవి. 2024లో వెలువడిన అటువంటి ఒక పరిశోధనా పత్రంలో సురక్షిత పరిమితిని రోజుకు 4,20,000 నానోగ్రాములకు బదులు 42,000 అని తప్పుగా గుణించిన సంగతి కూడా చెప్పాలి. తప్పు దిద్దుకున్న తర్వాత ప్రమాదం పదో వంతుగా తేలింది. అయితే ఆ పదార్థాలు అక్కడ ఉండరాదన్న విషయం మారలేదు. భయపెట్టడానికైనా, భరోసా ఇవ్వడానికైనా ముందుగా గుణకారం సరిచూసుకోవాలి.

మన దేశంలో 2018 నాటి ప్యాకేజింగ్ నిబంధనలు రీసైకిల్ చేసిన ప్లాస్టిక్‌ను ఆహారానికి పూర్తిగా నిషేధించినవి. మరోవైపు ప్లాస్టిక్ వ్యర్థాల నిర్వహణ నిబంధనలకు 2022లో వచ్చిన సవరణ, గట్టి ప్లాస్టిక్ ప్యాకింగ్‌లో 2025-26కు 30 శాతం, 2028-29 నాటికి 60 శాతం రీసైకిల్ సరుకు ఉండాలని లక్ష్యం విధించింది. ఒక చట్టం వద్దన్నదానిని మరొక చట్టం అడిగిన ఈ వైరుధ్యాన్ని 2025 మార్చి సవరణ కొంత సడలించింది: ఆహార భద్రతా ప్రాధికార సంస్థ ప్రమాణాలు, మార్గదర్శకాలు రూపొందించిన మేరకు రీసైకిల్ చేసిన ప్లాస్టిక్‌ను వాడవచ్చును. అటువంటి మార్గదర్శకాలు వెలువడినది పెట్ విషయంలో. రీసైకిల్ చేసిన ఏ బకెట్టులోనైనా, ఏ సంచిలోనైనా ఆహారం నింపవచ్చునని దీనికి అర్థం కాదు.

ఈ తేడా గ్రామాలకు చేరలేదు. ఆ మధ్య పచ్చళ్ళు తయారు చేసే ఒక మహిళా సంఘానికి వెళ్ళినప్పుడు, కొత్తగా తక్కువ ధరకు వచ్చిన పాలీఇథిలీన్ డబ్బాలు చూపించారు. “పరీక్ష కాగితం కూడా ఇచ్చారు సార్, చూడండి” అన్నారు సంఘం అధ్యక్షురాలు. అందులో ఉన్నది ఐ.ఎస్. 9845 ప్రకారం మొత్తం వలస పరీక్ష. ఆహారంలోకి దిగే పదార్థాలన్నీ కలిపి కిలోకు 60 మిల్లీగ్రాములు మించరాదన్నది దాని పరిమితి. డబ్బా సులభంగానే నెగ్గింది. ఆ పరీక్ష దిగిన పదార్థాల బరువును కొలుస్తుంది, వాటి పేర్లు చెప్పదు. పైన మనం మాట్లాడుకున్నవి మైక్రోగ్రాములు. 60 మిల్లీగ్రాములంటే 60 వేల మైక్రోగ్రాములు. కొత్త ప్లాస్టిక్‌కు ఈ పరీక్ష సరిపోవడానికి కారణం దాని ముడిసరుకు ముందే తెలిసి ఉండటం. పదేళ్ళ క్రితమైతే నేనూ ఆ కాగితం చూసి సరే అని ఉండేవాడిని. డబ్బా అడుగున త్రికోణంలో ఉన్న 2 అంకెను కూడా వారు భద్రతా గుర్తుగానే భావించారు. అది పాలీఇథిలీన్ రకాన్ని మాత్రమే తెలుపుతుంది.

ఆవకాయ ఈ విషయంలో కఠిన పరీక్ష వంటిది. నూనె, ఉప్పు, పులుపు కలిసి ఏడాది పాటు డబ్బా గోడను అంటిపెట్టుకుని ఉంటాయి. కనుక సంఘానికి చెప్పినది ఇంతే: ఐ.ఎస్. 10146కు అనుగుణమైన కొత్త ముడిసరుకుతో చేసినదని సరఫరాదారు బిల్లుపై రాసి ఇవ్వాలి, లేదా గాజు సీసాకు మారాలి. సరఫరాదారు రాసి ఇవ్వలేదు. డబ్బాలు వెనక్కు వెళ్ళినవి. రీసైకిల్ సరుకుకు చోటు లేదని కాదు. నర్సరీ ట్రేలకు, మొక్కల కుండీలకు అది చక్కగా సరిపోతుంది.

మన శాఖ చేయవలసిన పని ఇంకా ముందు, పొలం గట్టు మీద మొదలవుతుంది. 1971 నాటి క్రిమిసంహారక మందుల నియమావళిలోని 44వ నియమం ప్రకారం వాడిన డబ్బాలను మరల వాడే వీలు లేకుండా పగులగొట్టి, నివాసాలకు దూరంగా పూడ్చాలి. పూడ్చడం ప్లాస్టిక్‌కు మంచి పరిష్కారం కాదన్నది నా అభిప్రాయం. విడిగా సేకరించి ఆహారేతర వస్తువులకే మళ్ళించడం మేలు. ఆ ఏర్పాటు వచ్చే వరకు కూడా ఒక పని చేయవచ్చును. మందు పోసిన వెంటనే డబ్బాలో నాలుగో వంతు నీరు పోసి, మూత బిగించి అర నిమిషం గిలకరించి, ఆ నీటిని స్ప్రేయర్ ట్యాంకులోనే ఒంపాలి. ఇట్లా మూడు సార్లు చేసి, డబ్బాకు అడుగున రంధ్రం పొడవాలి. రంధ్రం ఎందుకని రైతులు అడుగుతారు. జైలీన్ వంటి ద్రావకంతో కూడిన మందు డబ్బా గోడలోనికి ఇంకి ఉంటుందనీ, మూడు సార్లు కడిగినా అది పోదనీ, కడిగిన డబ్బా చూడటానికి శుభ్రంగా ఉంటుంది కనుకనే నీళ్ళకో నూనెకో వాడాలనిపిస్తుందనీ వారికి వివరించాలి. పాత సామాన్లవారికి ఇచ్చేటప్పుడు ఆ డబ్బాలను నీళ్ళ సీసాల సంచిలో కలపకుండా వేరే సంచిలో కట్టి, అవి మందు డబ్బాలని చెప్పి ఇవ్వాలి.