గ్రహాల లోగుట్టు విప్పే కంపనాలు

భూమి వ్యాసార్ధం సుమారు 6,371 కిలోమీటర్లు కాగా, రష్యాలోని కోలా ద్వీపకల్పంలో తవ్విన అతి లోతైన బోరు సైతం 12 కిలోమీటర్లను కొద్దిగా మాత్రమే దాటింది కాబట్టి, భూగర్భ నిర్మాణం గురించి మానవుడు సంపాదించిన జ్ఞానంలో అధిక భాగం భూకంప తరంగాలు అందించినదే. వీటిలో పదార్థాన్ని ముందుకూ వెనుకకూ నొక్కుతూ సాగే ప్రాథమిక తరంగాలు ఘన, ద్రవ పదార్థాలు రెండింటిలోనూ ప్రయాణిస్తాయి. పదార్థాన్ని అడ్డంగా ఊపే ద్వితీయ తరంగాలు ద్రవాలలో ప్రయాణించలేవు. భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థలో పనిచేసిన రిచర్డ్ ఓల్డ్‌హామ్ 1897 నాటి అస్సాం భూకంపపు నమోదులలో ఈ రెండు తరంగాలను వేరుగా గుర్తించి, 1906లో భూమికి ప్రత్యేకమైన కేంద్ర మండలం ఉందని ఆధారాలతో చూపగా, దాని లోపల మరో గోళం ఉందని డెన్మార్క్ శాస్త్రవేత్త ఇంగె లేమన్ 1936లో ప్రకటించారు.

ఇదే పద్ధతి ఇతర గోళాల అధ్యయనానికీ ఉపకరించింది. అపోలో వ్యోమగాములు చంద్రునిపై అమర్చిన కంపమాపకాలు 1977 వరకు పనిచేయగా, 2018 నవంబరులో అంగారకునిపై దిగిన ఇన్‌సైట్ నౌక 1,300కు పైగా కంపాలను గుర్తించింది. వాటిలో అతి పెద్దది 2022 మే 4న 4.7 తీవ్రతతో సంభవించింది. ఆ గ్రహపు కేంద్ర మండల వ్యాసార్ధం సుమారు 1,830 కిలోమీటర్లని 2021లో అంచనా వేసిన శాస్త్రవేత్తలు, దాన్ని ఆవరించి కరిగిన శిలాపదార్థపు పొర ఉందన్న ఆధారాలు 2023లో వెలువడటంతో, ఆ అంచనాను 1,650-1,675 కిలోమీటర్ల స్థాయికి తగ్గించారు.

భూమి బాహ్య కేంద్ర మండలంలో కదలాడే ద్రవ ఇనుము అయస్కాంత క్షేత్రాన్ని సృష్టిస్తూ సూర్యుని నుండి వచ్చే విద్యుదావేశ కణాలను దారి మళ్లిస్తుండగా, అంగారకుడు అటువంటి గ్రహవ్యాప్త క్షేత్రాన్ని వందల కోట్ల సంవత్సరాల క్రితమే కోల్పోయాడు. ఈ భేదానికి మూలాలు కేంద్ర మండలాల పరిమాణంలో, రసాయన కూర్పులో, అవి చల్లబడిన తీరులో ఉన్నందున, పొరుగు గ్రహాల కంపాలను పరిశీలించడం భూమి జీవయోగ్యంగా నిలిచిన కారణాలను గ్రహించడానికి ఎంతో విలువైన మార్గం.