లుషాయి కొండలలో ఒక బాలిక చెర

మన ఈశాన్య సరిహద్దుల చరిత్ర చదివేవారికి ‘దండయాత్ర’, ‘శిక్ష’, ‘లోబరచుకొనుట’ వంటి మాటలు అడుగడుగునా తగులుతాయి. ఆ మాటల చాటున చిన్న పిల్లలు కూడా ఉన్నారన్న సంగతి సులభంగా దృష్టికి రాదు. ఒక్క పిల్ల మాత్రం అందుకు మినహాయింపు. ఆమె పేరు మేరీ వించెస్టర్. మిజోలు ఆమెను జోలూటి అన్నారు.

1871 జనవరిలో లుషాయి యోధులు కచార్ జిల్లాలోని అలెగ్జాండ్రాపూర్ తేయాకు తోటపై దాడి చేశారు. తోటలో ఉన్న జేమ్స్ వించెస్టర్ అనే స్కాట్లండు దేశీయుడు హతుడయ్యాడు. సుమారు ఆరేండ్ల వయసున్న ఆయన కుమార్తెను దాడి చేసినవారు కొండలలోకి తీసుకొనిపోయారు. ఆ దాడికి నాయకుడు సైలామ్ గ్రామాధిపతి బెంగ్‌ఖువాయా. ఆ దినాలలోనే కాట్లిచెర్రా, మనియర్‌ఖాల్ తోటలపై కూడా దాడులు జరిగాయి. తోటలలో పనిచేసే కూలీలు, సమీప గ్రామస్థులు అనేకులు చనిపోయారు, మరికొందరు చెరపట్టబడ్డారు.

ఈ దాడులు అకారణంగా పుట్టినవి కావు. కచార్ అడవులలో తేయాకు మొక్క సహజంగా పెరుగుతున్నదని 1855లో కనుగొన్నారు. ఆ తరువాత తోటలు ఏటేటా దక్షిణ దిశగా, కొండల పాదాల వైపు జరుగుతూ వచ్చాయి. మైదానంలోని అధికారులు బంజరు అనుకున్న ఆ అడవి లుషాయి అధిపతులకు వేటభూమి. ఏనుగుదంతం దొరికేది అక్కడే. ఒకరి పటంలో ఖాళీగా ఉన్న చోటు మరొకరి జీవనాధారం. అంతమాత్రాన తోటలో పొట్టపోసుకునే కూలీని చంపటం న్యాయమని ఎవరూ అనలేరు. అయితే కారణం తెలియనిదే కథ అర్థం కాదు.

దాడిలో చిక్కిన బందీని మిజో భాషలో ‘సాల్’ అంటారు. ఈ మాటను ‘బానిస’ అని అనువదించటం తేలిక, కాని అందులో సగం అర్థమే వస్తుంది. అనువాదవృత్తిలో ఉన్న నాకు మన ‘చెర’ అనే పాతమాటే దీనికి దగ్గరగా తోస్తున్నది. సాల్ తనను పట్టినవాని సొత్తు. అతని పోడు చేనులో పనిచేయాలి. తుపాకికో, మిథున్ అనే అడవిజాతి పశువుకో బదులుగా చేతులు మారవచ్చు. పసిపిల్లల విషయం వేరు. వారు ఆ ఇంట పెరిగి, ఆ భాషే మాట్లాడి, కొన్నేళ్లకు ఆ ఊరివారే అయిపోయేవారు.

మేరీకి ఆ మార్పు రావటానికి ఒక్క సంవత్సరం చాలింది. మిజోలలో స్త్రీల పేర్లు ‘ఇ’కారంతోను, పురుషుల పేర్లు ‘ఆ’కారంతోను ముగుస్తాయి. జోలూటి అంటే ‘జో జనుల నడుమ ప్రవేశించినది’ అని అర్థం. శత్రువు బిడ్డకు తమ వ్యాకరణం ప్రకారం పేరు పెట్టుకున్నవారు ఆమెను కేవలం పణంగానే చూశారని నేను అనుకోలేను.

1871 చివర ప్రభుత్వం రెండు సేనలను పంపింది. ఒకటి కచార్ నుండి జనరల్ బూర్షియే ఆధ్వర్యాన, రెండవది చిట్టగాంగు నుండి జనరల్ బ్రౌన్‌లో ఆధ్వర్యాన బయలుదేరాయి. రెండవ సేనతో టి.హెచ్. లూయిన్ అనే అధికారి ఉన్నాడు. కొండవారి భాష, మర్యాదలు తెలిసినవాడు. మిజోలు ఆయనకు థాంగ్లియానా అని పేరు పెట్టుకున్నారు. బాలికను విడిపించింది ఫిరంగి కాదు, మాట. లూయిన్‌కు మిత్రుడైన రోథాంగ్‌పుయా అనే అధిపతి మధ్యవర్తిత్వంతో 1872 జనవరిలో బెంగ్‌ఖువాయా ఆమెను అప్పగించాడు.

ఆ సమయంలో ఆమె ఎలా ఉన్నదో నాటి వర్ణనలు చెబుతాయి. నడుముకు గుడ్డ చుట్టుకొని, నోట చుట్టగొట్టం పెట్టుకొని, ఒక దుంగపై కూర్చుని, చుట్టూ ఉన్న కుర్రవాళ్లకు లుషాయి భాషలో ఆజ్ఞలు జారీ చేస్తున్నదట. ఆంగ్లం మరచిపోయింది. ఊరంతటికీ గారాలబిడ్డగా మారిన ఆ పిల్లను బుజ్జగించి తీసుకురావలసి వచ్చింది. రక్షణ అనే మాట పెద్దలది. ఆ పిల్లకు అది రెండవసారి ఇల్లు వదలటమే అయి ఉంటుంది.

తరువాత ఆమెను స్కాట్లండులోని ఎల్గిన్‌లో ఉన్న తాత నాయనమ్మల వద్దకు పంపారు. ఆమె తల్లి మణిపురీ స్త్రీ అని చెబుతారు. తండ్రి పేరు ప్రతి గ్రంథంలోను ఉన్నది. తల్లి ప్రస్తావన అంతగా కనిపించదు.

ఇతర బందీలు కూడా చాలామంది విడుదలయ్యారు. అందరూ సంతోషంగా దిగివచ్చారని భావించరాదు. అక్కడే పెళ్లిళ్లయి పిల్లలు కలిగినవారికి మైదానంలో ఎదురుచూసే ఇల్లేది? వారి పేర్లను ఎవరూ రాసిపెట్టలేదు. బ్రిటిషు పత్రికలకు తెల్లతోలు తండ్రి గల ఒక్క పిల్లే చెరలో ఉన్నట్లు తోచింది.

సేనలు వెళ్లిన దారిలో గ్రామాలు, ధాన్యపు కొట్లు తగులబడ్డాయి. మరొక విషయం గమనింపదగినది. 1872 మార్చిలో చంఫాయి చేరిన బూర్షియే విధించిన షరతులలో, దోచిన తుపాకులను తిరిగి ఇవ్వటంతోపాటు, ముగ్గురు జామీనుదారులు సేన వెంట టిపాయిముఖ్ దాకా రావాలన్నది కూడా ఒకటి. చెర విడిపించ వచ్చినవారు కూడా మనుషులనే హామీగా తీసుకుపోయారు!

బాలిక దొరికినా సమస్య తీరలేదు. 1873లో ప్రభుత్వం బెంగాల్ తూర్పు సరిహద్దు రెగ్యులేషన్‌ను తెచ్చి, కొండలకు, మైదానానికి నడుమ ‘ఇన్నర్ లైన్’ గీసింది. తోటలవారు ఆ గీత దాటి భూమి సంపాదించరాదు, అనుమతి లేక ప్రవేశించరాదు. కొండవారి వేటభూమి వాదానికి అందులో కొంత గుర్తింపు ఉన్నదనే చెప్పాలి. అయినా 1890 నాటికి ఆ కొండలు బ్రిటిషు ఆక్రమణలోకి వచ్చాయి. 1898లో లుషాయి హిల్స్ పేరిట అస్సాంలో ఒక జిల్లాగా ఏర్పడ్డాయి. 1972లో అదే ప్రాంతం మిజోరాం కేంద్రపాలిత ప్రాంతంగాను, 1987లో రాష్ట్రంగాను రూపొందింది.

ఆనాటి గీత నేటికీ అమలులో ఉన్నది. కచార్ వైపునుండి బస్సులో మిజోరాం వెళ్లే ఇతర రాష్ట్రాలవారు వైరెంగ్టె వద్ద దిగి, అనుమతి పత్రం చూపి, మళ్లీ బస్సెక్కుతారు.