నియమము వ్రాసినను ఆగని ఉత్తరము

పిలువని ఉత్తరములు ఇంటింటికి వచ్చి పడుచున్న కాలమిది. "మీ పెన్షన్ నిలిచిపోవును, వెంటనే బ్యాంకు వివరములు పంపుడు" అని వృద్ధులను బెదరించు ఈ-మెయిలు వానిలో మిక్కిలి హానికరమైనది. దానిని అడ్డగించుటకై కంప్యూటరులో మనమే ఒక నియమము వ్రాసితి మనుకొనుడు. అయినను ఉత్తరము దర్జాగా లోపలికి వచ్చినది. లోప మెక్కడ?

2001లో వెలువడిన స్పామ్‌అసాసిన్ అను జల్లెడను ఉదాహరణముగా తీసికొందము. ఇది ఒక్క నియమమును బట్టి తీర్పు చెప్పదు. బడిలో మార్కులు వేసినట్లు ఒక్కొక్క లక్షణమునకు కొన్ని మార్కులు వేసి, మొత్తము 5 అయినప్పుడు ఉత్తరముపై ముద్ర వేయును. మనము మార్కులు నిర్ణయింపని నియమమునకు సాధారణముగా 1 మాత్రమే లభించును. కావున మొదట పరికింపవలసినది నియమమును గాక, వచ్చిన ఉత్తరపు శీర్షికలను. అందు ఎక్స్-స్పామ్-స్టేటస్ అను పంక్తిలో, తగిలిన నియమముల పేర్లుండును. మన నియమము పేరు అక్కడ నున్నచో అది పని చేసినట్లే, మార్కులే చాలలేదు. అసలా పంక్తియే లేనిచో ఉత్తరము జల్లెడ దరికి పోలేదేమో యని అనుమానింపవలెను. 500 కిలోబైట్లకు మించిన ఉత్తరమును, వేరుగా అమర్చినగాని, స్పామ్‌సి అను పరిచారిక పరీక్షకు పంపనే పంపదు.

పంక్తి యుండి పేరు లేనప్పుడు, లింట్ అను ఆజ్ఞతో నియమపు వ్రాతలో తప్పున్నదేమో చూడవలెను. కొత్త నియమము వ్రాసిన పిమ్మట, నిరంతరము నడుచు స్పామ్‌డిని ఆపి మరల నడిపింపనిదే అది పాత నియమములనే పాటించుచుండును. ఒక వ్యక్తి తన సొంత అభిరుచుల దస్త్రములో వ్రాసిన నియమమును, యజమాని అనుమతి లేనిదే స్పామ్‌డి లెక్కచేయదు.

ఇక తెలుగువారికి ప్రత్యేకమైన చిక్కులు. "పెన్షన్ నిలిపివేత" అని నియమములో నున్నది. ఉత్తరములోను కంటికి అదే కనబడుచున్నది. కాని పొల్లు తరువాత కనబడని విడదీత గుర్తు ఒకటి దాగియుండవచ్చును. మనకు రెండును ఒకటే, యంత్రమునకు వేర్వేరు. పింఛను, పింఛన్, పెన్షను అను రూపభేదములు సరేసరి! మాట హద్దును తెలుపుటకు ఇంగ్లీషు మాటలకు వాడు గుర్తును తెలుగు మాటకు ఇరువైపుల పెట్టినచో, చుట్టును ఖాళీలున్న చోట ఆ నియమ మెన్నడును తగులదు. ఏలయన తెలుగు సంకేతము ఒక్కొక్కటి 3 బైట్లుగా నిలువయగును. ఆ బైట్లను యంత్రము అక్షరములుగా గుర్తింపదు. మాటలన్నియు బొమ్మలో నున్నచో, బొమ్మలోని వ్రాతను మాటల నియమము చదువజాలదు.

విసుగు చెంది నియమమునకు ఒకేసారి 100 మార్కులిచ్చువారు కలరు. ఇది నాకు సమ్మతము కాదు. "అమ్మా, పెన్షన్ పడినదా?" అని దూరముననున్న కుమారుడు వ్రాసిన ఉత్తరము గూడ చెత్తలోనికి పోవును, ఆ తల్లి దాని కొరకు ఎదురుచూచుచుండును. పెన్షన్ అను మాటకు ఒక నియమము, బ్యాంకు వివరము లడుగుటకు మరొకటి వ్రాసి, రెండును కలిసి తగిలినప్పుడే ఎక్కువ మార్కులు పడునట్లు మెటా అను నియమము నేర్పరచుట మేలు. పిమ్మట దాచియుంచిన మోసపు ఉత్తరమును, కుమారుని ఉత్తరమును గూడ జల్లెడకు అందించి, రెంటికి పడిన మార్కులు సరిచూడవలెను.